బోన్సాయ్‌లో కావలసినచోట కొమ్మ తెప్పించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరులో మా మిద్దె మీద ముప్పై చిల్లర కుండీలున్నాయి. చూడ్డానికి వచ్చినవాళ్ళు ముందు "ఎన్నేళ్ళ చెట్టు?" అంటారు. తామూ పెంచేవాళ్ళయితే ఆ మాట అడగరు. ఫోన్ తీసి వాళ్ళ చెట్టు ఫొటో చూపించి, బోదె మీద వేలు పెట్టి, "ఇదిగో, ఇక్కడ ఒక్క కొమ్మ ఉంటే చాలు, ఎట్టా తెప్పించేది?" అంటారు. నోటితో చెప్పి చెప్పి, ఇక రాసిపెడదామని కూర్చున్నా. మన ఎండకి, మన నీళ్ళకి, మన దగ్గర దొరికే చెట్లకి సరిపోయే మాటలే ఇవి. చల్లటి దేశాల దేవదారు జాతుల లెక్క వేరు.

మనం కోరినచోటే కొమ్మ వస్తుందా?

కన్ను ఉంటే వస్తుంది. ఒకప్పుడు ఆకు పుట్టిన ప్రతి కణుపు దగ్గరా ఒక కన్ను, అంటే చిగురు లేచే చిన్న మొగ్గ, ఉంటుంది. ఆకు రాలిపోయినా ఆ కన్ను చాలా జాతుల్లో బెరడు కింద ఏళ్ళ తరబడి నిద్రపోతూనే ఉంటుంది. మనం చేసేదల్లా దాన్ని లేపడం.

కన్ను ఎక్కడుందో తెలుసుకోవాలంటే ఒక జువ్వి రెమ్మనో రావి రెమ్మనో దగ్గరగా పట్టుకుని చూడండి. చిగురును కప్పి ఉండే సన్నటి తొడుగు రాలిపోయినచోట రెమ్మ చుట్టూ దారం కట్టినట్టు ఒక గీత మిగులుతుంది. ఆ గీత పక్కనే ఆకు రాలిన మచ్చ, మచ్చకి కాస్త పైన ఆవగింజంత ఉబ్బు కనిపిస్తాయి. ఆ ఉబ్బే కన్ను. బోదె లావయ్యాక ఉబ్బు కనబడదు గానీ, గీతలు మాత్రం బెరడు మీద చాలాకాలం ఉంటాయి. ఎండ పక్కవాటుగా పడేటప్పుడు, పొద్దున ఏడింటికో సాయంత్రం ఐదింటికో చూస్తే తేటగా తెలుస్తాయి. పాత బోదె మీద కొత్త చిగుళ్ళు ఎక్కువగా ఆ గీతల వెంబడే పేలతాయి. కాబట్టి "ఇక్కడ కావాలి" అని వేలు పెట్టేముందు, ఆ వేలికింద గీత ఉందో లేదో చూసుకోండి. అర అంగుళం పైనో కిందో ఉంటే దాంతో సర్దుకోవడం మేలు. అంగుళాల కొద్దీ గీతే లేకపోతే అంటు కట్టడం గురించి కింద రాశాను, అక్కడికి వెళ్ళండి.

చివర తుంచితే పక్కన చిగుర్లు ఎందుకొస్తాయి?

ప్రకాశం జిల్లాలో శనగ పండించేవాళ్ళకి దీన్ని వేరే చెప్పక్కర్లేదు. లేత కొసలు కూరకు తుంచుకొస్తారు, ఆ మొక్క నాలుగు పక్కలకీ గుబురుకడుతుంది. కొసలో ఉండే మొగ్గ ఆక్సిన్ అనే హార్మోన్ తయారుచేసి కిందికి పంపుతూ ఉంటుంది. అది దిగుతున్నంతసేపూ కింది కళ్ళు అణిగి ఉంటాయి. కొస పోతే ఆ అదుపు పోతుంది. 1933లో థిమన్, స్కూగ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు చిక్కుడు జాతి మొక్కల తల తీసేసి, ఆ తెగినచోట ఆక్సిన్ పెట్టి చూశారు. తల లేకపోయినా పక్క కళ్ళు లేవలేదు. అణిచిపెడుతున్నది ఆ పదార్థమేనని అట్టా తేలింది.

వేళ్ళ నుంచి పైకి వచ్చే సైటోకైనిన్ అనే ఇంకో హార్మోన్ దీనికి ఎదురు పనిచేస్తుంది, కళ్ళను లేపుతుంది. దానికితోడు చక్కెర. ఆకులు ఎండలో తయారుచేసిన తిండి కన్నుదాకా చేరకపోతే హార్మోన్ల అదుపు తొలగినా లేచే ఓపిక దానికి ఉండదు. బోన్సాయ్ పుస్తకాలు మొదటి రెండు సంగతులూ బాగా చెబుతాయి. మన మిద్దెల మీద చెట్లు చచ్చేది మాత్రం మూడోదాన్ని మరిచిపోయినందుకే.

అంటే కోసే ముందు చెట్టును బలపరచాలా?

అవును. ఈ పేజీలో ఒక్క జవాబే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి.

ఎనిమిదేళ్ళ కిందట నా దగ్గర ఒక రావి ఉండేది. పాత గోడ కూల్చేటప్పుడు వేళ్ళతో సహా పెరికి తెచ్చుకున్నది. బోదె నా మణికట్టంత లావు. తెచ్చిన నాలుగు నెలలకే తొందరపడి, ఉన్న మూడు కొమ్మలూ కొట్టేసి, "ఇక కింద పేలతాయిలే" అని కూర్చున్నా. రెండు చిగుర్లు వచ్చాయి, అవీ అడుగున, వేరుకు ఆనుకుని. పైనంతా ఎండి చెక్కయిపోయింది. అప్పటికి వేళ్ళింకా కుండీలో నిలదొక్కుకోలేదు, ఆకులు దాచిపెట్టిన తిండీ లేదు. నేను కోసింది చెట్టును కాదు, దాని ఊపిరిని.

ఇప్పుడు చేసేది ఇది. కొమ్మలు కావాలనుకున్న చెట్టును ముందు ఒక కాలమంతా కత్తెర తాకించకుండా వదిలేస్తా. కొసలు మూరెడు మూరెడు సాగనీ, చూడ్డానికి చింపిరిగా ఉండనీ. పూర్తి ఎండలో పెట్టి, కడుపునిండా ఎరువు వేస్తా. కొసలు జోరుగా పరుగెత్తుతున్నప్పుడు కోస్తే, ఆ జోరంతా కింది కళ్ళలోకి దిగుతుంది. నీరసంగా నిలబడిపోయిన చెట్టును కోస్తే దిగడానికి ఏమీ ఉండదు.

మన జిల్లాల్లో ఏ నెల మంచిది?

రావి, జువ్వి, మర్రి, నర్సరీలో ఫైకస్ అని అమ్మేవి (ఇవన్నీ ఫైకస్ జాతే): శివరాత్రి వెళ్ళాక, కొత్త చిగురు రాబోయే ముందు ఒక మంచి అదను. మృగశిర వచ్చి ఎండ తీవ్రత విరిగాక, జూన్ రెండో వారం నుంచి ఆగస్టు దాకా రెండో అదను. చింత, సీమచింత, గోరింట, వాక్కాయ కూడా దాదాపు ఇంతే.

రోహిణి కార్తెలో మాత్రం వద్దు. రోళ్ళు పగిలే ఎండంటారు, బెరడు పగలదా? ఆకులు నీడపట్టిన బోదె ఒక్కసారిగా ఎండకు బయటపడితే పడమటి పక్క బెరడు మాడి ఊడిపోతుంది. తప్పనిసరై కోస్తే, రెండు మూడు వారాలు పచ్చ నెట్ కింద పెట్టండి, లేదా బోదెకి తడిగుడ్డ చుట్టండి.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వానలన్నీ అప్పుడే. నైరుతి రుతుపవనం మిగతా జిల్లాలవాళ్ళకి, ఈశాన్యం మనకి. బంగాళాఖాతంలో వాయుగుండం అన్న వార్త రాగానే నేను కత్తెర లోపల పెట్టేస్తా. నాలుగు రోజులు విడవకుండా ముసురు పడితే పెద్ద గాయాలు బూజుపట్టి కుళ్ళు లోపలికి దిగుతుంది. కొసలు గిల్లడం వరకు ఫరవాలేదు. సంక్రాంతి చలిలో కోస్తే చెట్టుకేమీ కాదు గానీ, చిగురు కోసం కళ్ళు కాయలు కాస్తాయి.

ఎక్కడ కోయాలి? కొత్త కొమ్మ ఏ దిక్కుకు పోతుందో ముందే తెలుస్తుందా?

చాలావరకు తెలుస్తుంది. ఆకులు ఒకటి ఇటు, ఒకటి అటు వచ్చే చెట్లలో, కోతకి దిగువన మిగిలిన ఆఖరి కన్ను ఎటు చూస్తుంటే కొత్త రెమ్మ అటే పోతుంది. కుడికి కావాలంటే కుడివైపు చూసే కన్ను మీద కోయండి. అది పెరిగాక మళ్ళీ ఎడమ కన్ను మీద కోస్తే కొమ్మ వంకీ తిరుగుతుంది. లోహపు తీగ చుట్టి వంచకుండా ఇట్టా కోతలతోనే కొమ్మను నడిపించడం దక్షిణ చైనాలోని లింగ్నాన్ పద్ధతి. ఏడాది పొడుగునా చెట్లు పెరిగే వెచ్చటి ప్రాంతం వాళ్ళది. మన వాతావరణానికి జపాన్ లెక్కల కన్నా ఇదే బాగా అతుకుతుందని నా అభిప్రాయం.

నర్సరీల్లో జేడ్ అని అమ్మేదానికి ఆకులు ఎదురెదురు జంటలు. కోస్తే రెండు చిగుర్లు ఒకేసారి వస్తాయి. అక్కరలేనిదాన్ని బియ్యపు గింజంత ఉన్నప్పుడే గోటితో తోసేయండి.

కన్నుకి మరీ ఆనించి కోయకండి. తెగినచోటు నుంచి కొంత కిందికి ఎండుతుంది, ఆ ఎండులో కన్ను కూడా పోతుంది. పెన్సిలంత రెమ్మకైతే ఒక సెంటీమీటరు మొండి వదలండి. కొత్త రెమ్మ నిలదొక్కుకున్నాక మొండిని నున్నగా తీసేయవచ్చు.

ఇంకొక మాట. బోదె వంకర తిరిగినచోట కొమ్మ వంపుకి బయటి పక్కనుంచి రావాలి. లోపలి పక్కనుంచి వస్తే చంకలో పెట్టుకున్నట్టుంటుంది. ఏ కన్నును లేపాలో ఎంచుకునేటప్పుడే ఇది చూసుకోండి.

ఆకులన్నీ దులిపేస్తే కొమ్మలు వస్తాయా?

దులిపి ఊరుకుంటే మీరు కోరినచోట రావు. కొస మొగ్గలు ఉన్నంతకాలం చెట్టు మళ్ళీ కొసల్లోనే చిగురిస్తుంది. ఆకుతోపాటు కొస మొగ్గ కూడా తీస్తేనే లోపలి కళ్ళకి పిలుపు అందుతుంది. ఆకును తొడిమ వదిలి కత్తిరించండి, పీకొద్దు. తొడిమ మొదట్లోనే కన్ను ఉంది, పీకితే అదీ చిరుగుతుంది.

నేనైతే మొత్తం దులపను. బలంగా ఉన్న పై కొమ్మల్లో, బయటి అంచుల్లో మాత్రమే తీస్తా. లోపలి నీరసపు రెమ్మలకి ఉన్న రెండు ఆకులనూ వదిలేస్తా. అప్పుడు లోపలికి ఎండ దిగుతుంది, బలం అటు మళ్ళుతుంది. ఆరోగ్యంగా ఉన్న ఫైకస్ మన వేసవిలో మూడు నాలుగు వారాల్లో మళ్ళీ ఆకు తొడుగుతుంది. ఏడాదికి ఒకసారికి మించి వద్దు. కుండీ మార్చిన ఏడాది అసలే వద్దు.

జాగ్రత్త: ఆకు సన్నగా వేలాడే బెంజమినా ఫైకస్ కొమ్మకి ఒక్క ఆకు కూడా లేకుండా చేస్తే, ఆ కొమ్మను వదిలేసుకునే అలవాటు దానికుంది. ప్రతి కొమ్మకీ నాలుగు ఆకులు మిగల్చండి.

కన్ను కనబడుతోంది, లేవట్లేదు. పై కొమ్మ కోయడం ఇష్టం లేదు. ఏం చేయాలి?

గాటు పెట్టండి. కన్నుకి 3 నుంచి 5 మి.మీ. పైన, బోదె చుట్టుకొలతలో మూడో వంతుకి మించకుండా, నెలవంకలా. పదునైన కొత్త బ్లేడుతో బెరడు తెగి తెల్లటి చెక్క తగిలేదాకా ఒక గీత, దానికి 2 మి.మీ. ఎడంగా ఇంకో గీత, మధ్యలో పీలిక తీసేయడం. పైనుంచి దిగే ఆక్సిన్ ఆ కన్నుదాకా రాదు. ఫైకస్ జాతి అయితే పాలు కారతాయి. తడిగుడ్డతో తుడిచి, ఆగాక చూడండి.

గాటు కన్నుకి పైనే పెట్టాలి సుమా. కింద పెడితే ఫలితం తిరగబడుతుంది, కన్ను ఇంకా నీరసిస్తుంది. మా పక్కింటి అబ్బాయి, "అన్నా, నువ్వు చెప్పినట్టే చేశా, రెండు నెలలైనా ఉలుకూ పలుకూ లేదు" అని కుండీ పట్టుకొచ్చాడు. చూస్తే మూడు కళ్ళకీ కిందే గాట్లు. తప్పు నాదే, "కన్ను దగ్గర" అన్నానంతే.

కొమ్మను వంచి కట్టినా చిగుర్లు వస్తాయంటారు?

వస్తాయి. జామతోటల్లో కొమ్మలు వంచి కట్టేది అందుకే. నిటారుగా ఉన్న కొమ్మను అడ్డానికి వంచితే కొస పెత్తనం తగ్గుతుంది, వంపు మీద పైవైపు చూసే కళ్ళు లేస్తాయి. బోన్సాయ్‌లో కొమ్మలను ఎటూ వంచుతాం కాబట్టి ఇది ఖర్చులేని లాభం. కాకపోతే పైవైపు లేచినవన్నీ నిటారుగా పరుగెడతాయి. వాటిని లేతగా ఉండగానే పక్కకి తిప్పుకోవాలి.

నిమ్మ బోదె నుంచి వచ్చే బలమైన కొమ్మను ఉంచుకోవచ్చా?

పొదలకూరు పక్క తోటల్లో వీటిని నీటి కొమ్మలని తీసేస్తారు, కాపు రాదని. మనకి కాపు కాదు, కొమ్మ కావాలి కాబట్టి సరైనచోట ఉంటే ఉంచుకోండి. ముందు ఒక్కటి చూడండి: మొక్క అంటుదైతే, అంటు అతుకుకి కింద నుంచి వచ్చినది వేరే జాతి. అది తీసేయాల్సిందే.

ఉసిరికి ఎన్ని రెమ్మలు వచ్చినా కొమ్మ నిలవట్లేదు, రాలిపోతున్నాయి. రోగమా?

రోగం కాదు, దాని పుట్టుకే అంత. నెల్లి చెట్టు పేరు మీదే నెల్లూరుకి ఆ పేరొచ్చిందని పెద్దలు చెబుతారు. మన ఊరి చెట్టని నేనూ మురిపెంగా ఒకటి పెట్టుకుని రెండేళ్ళు మోసపోయా. పక్షి ఈకలాగా రెండు వరసల చిన్న ఆకులతో వచ్చేది చూడ్డానికి రెమ్మే, కానీ అది ఆకుతో సమానం. తన కాలం అయ్యాక మొత్తంగా రాలిపోతుంది. దానికి తీగ చుట్టి వంచినా, కొసలు గిల్లినా అది కొమ్మ కాదు. ఆ ఈకలు పుట్టే చిన్న చిన్న బొడిపెలున్న గట్టి కాండమే అసలు కొమ్మ. కొత్త కొమ్మ కావాలంటే ఆ గట్టి కాండం కొసను కోయాలి. అప్పుడు కింద నుంచి, మొదట్లో దాదాపు ఆకుల్లేకుండా, పుల్లలా సాగేది ఒకటి వస్తుంది. దాన్ని కాపాడుకోండి.

సరుగుడు?

కావలి నుంచి కొత్తపట్నం దాకా సముద్రపు ఒడ్డున ఎక్కడ చూసినా ఇదే. అందుకే అందరికీ దీని మీద మనసు పోతుంది. చిన్న వయసులో, జోరు మీద ఉన్నప్పుడు బోదె మీద కూడా పచ్చటి కొసలు పేలతాయి. కానీ ఏ కొమ్మనూ పచ్చదనం మిగలకుండా కొట్టొద్దు. రావిలా మోడునుంచి లేస్తుందని నమ్ముకుంటే చేతిలో పుల్ల మిగులుతుంది. కొంచెం కొంచెంగా, పచ్చ ఉన్న చోటికి వెనక్కి కోసుకుంటూ రండి. చల్లటి దేశాల చెట్టు జునిపర్‌కి ఇంకా కఠినం. ఆకు లేని పాత చెక్క మీద దానికి కొత్త చిగురు దాదాపు రాదు. పైగా మన ఎండలో అది బతకడమే గొప్ప, దాని జోలికి పోవద్దనే నా సలహా.

కాగితం పూల చెట్టు?

ముల్లు ఉన్నచోట కన్ను ఉంది. కోయండి, వస్తుంది. దీనికి పెద్ద జవాబు అక్కర్లేదు.

కన్నే లేదు. కొమ్మ మాత్రం అక్కడే కావాలి.

అప్పుడు దారం అంటు. సూదిలో దారం ఎక్కించినట్టు, అదే చెట్టు రెమ్మను బోదెలో కన్నం గుండా దూర్చడం.

ఏడాది ముందునుంచే తయారవ్వాలి. బోదె కింది భాగం నుంచి ఒక రెమ్మను కత్తెర పెట్టకుండా మూరెడుకి పైగా సాగనివ్వండి. అది అగ్గిపుల్లకన్నా కొంచెం లావు, ఇంకా వంగే లేతదనంలో ఉండాలి. ఆకులన్నీ తొడిమ వదిలి కత్తిరించండి. కొస మొగ్గ ఉండాల్సిందే. ఫైకస్‌లో ఆ కొస సూదిలా తొడుగు కప్పుకుని ఉంటుంది కాబట్టి దూర్చడం తేలిక. అయినా ఒక చుట్టు పాలిథిన్ కవరు ముక్క చుడితే కళ్ళు ఒరుసుకోవు.

కన్నం రెమ్మకన్నా వెంట్రుకవాసి పెద్దది చాలు. వెనకనుంచి ముందుకి తొలవండి. కొమ్మ ఎక్కడ పుట్టినట్టు కనబడాలో అక్కడ డ్రిల్లు బిట్టు బయటికి రావాలి. కొమ్మ ఏ వాలులో ఉండాలో కన్నం కూడా ఆ వాలులోనే ఉండాలి. రెమ్మను నెమ్మదిగా లాగుతూ, ఒక కన్ను సరిగ్గా బయటి అంచుకి తాకేటట్టు ఆపండి. రేపు మొదటి చీలిక అక్కడినుంచే వస్తుంది. రెమ్మదీ బోదెదీ బెరడు కింది ఆకుపచ్చటి పొర ఒకదానికొకటి తాకేలా ఒక పక్కకి పళ్ళపుల్ల ముక్కతో బిగించి, రెండు మూతుల చుట్టూ జిగట బంకమట్టి పెట్టండి.

ఇక తొలిచే బిట్టు సంగతి. మొదటిసారి వడ్రంగి దగ్గర డ్రిల్లు అడిగి తెచ్చుకున్నా. అందులో ఉన్నది గోడకు వాడే బిట్టని చూసుకోలేదు. అది కోయదు, నలుపుతుంది. కన్నం అంచున బెరడంతా పీచుపీచయి, పొగ వాసన కూడా వచ్చింది. అయినా ఆశ చావక రెమ్మ దూర్చా. ఏడాది తర్వాత లాగితే దారంలాగే బయటికి వచ్చింది, ఎక్కడా అతకలేదు. చెక్కకి వాడే పదునైన కొత్త బిట్టు కొనుక్కోండి. నిదానంగా, ఆగి ఆగి తొలవండి.

అతికిందని ఎట్టా తెలుస్తుంది? బయటికి వచ్చిన వైపు లావు, లోపలికి పోయే వైపు లావు పోల్చి చూడండి. మొదట రెండూ సమానం. ముందువైపు స్పష్టంగా లావైతే అది బోదె నుంచే తిండి తీసుకుంటోందన్నమాట. మన దగ్గర ఫైకస్‌కి ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది. ఆ కాలమంతా ముందువైపు కొసను తుంచొద్దు. అది పెరిగితేనే లావెక్కి కన్నాన్ని నింపి అతుకుతుంది. తేడా తేలాక కూడా వెనక భాగాన్ని ఒక్కసారే కోయను. సగం లోతు కోసి రెండు వారాలు చూస్తా. ముందువైపు ఆకు వాడకపోతే అప్పుడు మిగతాది.

చెట్టుకి పొడుగాటి రెమ్మే లేదు. వేరే మొక్క నుంచి పెట్టొచ్చా?

అదే జాతిది అయితే పెట్టొచ్చు. ఇది మామిడి అంటు తెలిసినవాళ్ళకి చిరపరిచితం. ఉలవపాడు పక్క పాత తోటమాలులను అడగండి, మొలక కుండీని చెట్టు కొమ్మకి వేలాడదీసి, రెండిటి బెరడూ చెక్కి కలిపి కట్టే రోజుల గురించి చెబుతారు. ఇక్కడా అంతే. బోదె మీద రెమ్మ సగం మునిగేంత కాలువ చెక్కండి, రెమ్మకి కూడా తాకే పక్క బెరడు తీయండి, పచ్చ పొరకు పచ్చ పొర తగిలేలా పెట్టి అంటు టేపుతో గట్టిగా కట్టండి. రెండు కుండీలూ కదలకుండా ఒకే పలక మీద ఉండాలి. మా ఇంట్లో చీమకుర్తి గ్రానైట్ తెగ్గోత ముక్క మీద పెడతా. బరువుంటుంది, పిల్లి ఎక్కినా కదలదు.

హార్మోన్ పొడి రాస్తే?

దుకాణంలో "వేరు పొడి" అని ఇచ్చేది ఆక్సిన్ జాతి మందు. అది కన్ను మీద రాస్తే కన్ను ఇంకా అణుగుతుంది. పైన చెప్పిన 1933 ప్రయోగాన్ని మీరే మీ మిద్దె మీద చేసినట్టవుతుంది. ఆర్కిడ్ పెంచేవాళ్ళు వాడే సైటోకైనిన్ పేస్టు వేరు. బెంజైల్ అమైనో ప్యూరిన్ ఉంటుంది అందులో. కన్ను మీద బెరడు కొంచెం గీకి గుండుసూది తలంత రాస్తే పనిచేస్తుంది. కన్నును లేపుతుంది గానీ, లేని కన్నును పుట్టిస్తుందని నమ్ముకోవద్దు. ఎక్కువ రాస్తే ఒకేచోట పది గిడస చిగుర్లు ముద్దగా వస్తాయి.

ఎరువు, నీళ్ళు?

కోతకి ముందు నెలంతా బాగా పెట్టాలి. నేను వేరుశనగ పిండి వాడతా. గుప్పెడు పిండి ఐదు లీటర్ల నీళ్ళలో నాలుగు రోజులు నాననిచ్చి, పైతేట తీసి, దానికి పది రెట్లు నీళ్ళు కలిపి పదిరోజులకొకసారి. వాసనకి ఇంట్లోవాళ్ళ తిట్లు ఎరువుతో ఉచితం. పెద్ద కోత కోసిన వెంటనే మాత్రం ఆపి, చిగురు కనబడ్డాక మళ్ళీ మొదలుపెట్టండి. ఆకుల్లేని చెట్టుకి నీళ్ళ అవసరం కూడా తగ్గుతుంది. అలవాటు కొద్దీ రోజూ రెండు పూటలా పోస్తే వేళ్ళు కుళ్ళుతాయి.

బోరు నీళ్ళు ఉప్పగా ఉండే వీధులు మన ఊళ్ళల్లో చాలా. కుండీ అంచున తెల్లటి పూత కడుతుంటే, చిగురు కొసలు మాడుతుంటే, ఆ నీళ్ళే కారణం కావచ్చు. వానకాలంలో డ్రమ్ములు నింపుకోండి.

గాయానికి ఏం పూయాలి?

చిటికెన వేలు కన్నా సన్నటి కోతకి ఏమీ వద్దు. పెద్దవాటికి బోర్డో పేస్టు, నిమ్మ బత్తాయి రైతులు వాడేదే. 10 గ్రాముల మైలుతుత్తం సగం నీళ్ళలో, 10 గ్రాముల సున్నం మిగతా సగంలో విడివిడిగా కలిపి, తర్వాత రెండూ కలపాలి. మొత్తం నీళ్ళు 100 మి.లీ. ప్లాస్టిక్ డబ్బాలో కలపండి, ఇనుప పాత్ర వద్దు. కళ్ళున్న చోట పూయకుండా తెగిన చెక్క మీద మాత్రమే పూయండి.

ఒకేచోట ఐదారు చిగుర్లు వచ్చాయి. ఏది ఉంచాలి?

మొదటి రెండు వారాలు అన్నీ ఉంచండి. కాకి తన్నినా, పురుగు కొరికినా ఇంకొకటి ఉంటుంది. వేలెడు పొడుగయ్యాక కావలసినదాన్నీ, దానికి తోడు ఒకదాన్నీ ఉంచి మిగతావి తీసేయండి. ఐదింటినీ వదిలితే ఆచోట బోదె కంతిలా ఉబ్బుతుంది, ఆ ఉబ్బు తర్వాత పోదు.

ఉంచినదాన్ని వెంటనే గిల్లే తొందర వద్దు. కొమ్మ లావెక్కేది కొస పరుగెత్తేటప్పుడే. ఎంత లావు కావాలో దానికి కొంచెం తక్కువ వచ్చేదాకా వదిలేసి, అప్పుడు వెనక్కి కోయాలి. లేత కొమ్మకి అల్యూమినియం తీగ చుడితే వేసవిలో మూడు వారాలకొకసారి చూసుకోండి. ఫైకస్ అంత తొందరగా తీగను మింగేస్తుంది.

రెండు నెలలైంది. ఏమీ రాలేదు.

గోటితో బెరడు ఇసుమంత గీకండి. కింద పచ్చగా, తడిగా ఉంటే చెట్టు బతికే ఉంది, ఆగండి. వెలగ లాంటివి మూడు నెలలు కూడా తీసుకుంటాయి. గోధుమరంగులో పొడిగా ఉంటే ఇంకొంచెం కిందికి గీకుతూ రండి. పచ్చ ఎక్కడ మొదలైతే అక్కడిదాకా చెట్టు ఉందన్నమాట. కుండీని పావు వంతు తిప్పి, కొమ్మ కావలసిన పక్కను తూర్పు ఎండకు పెట్టండి. ఎండ తగిలిన పక్కే చిగురు ముందు వస్తుంది.

మా అత్తగారు రావి చెట్టు ఇంట్లో ఉండకూడదంటున్నారు.

చింత పెట్టుకున్నా అదే మాట అంటారు, దయ్యాలని. సీమచింత పెట్టుకోండి. మోడు చేసినా లేస్తుంది, ముళ్ళ పక్కన కళ్ళు తేటగా కనబడతాయి, దాని మీద ఎవరికీ అభ్యంతరం ఉన్నట్టు నేను వినలేదు.